రాహుకాలం సూర్యకళది

ఆ ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ గణేష్‌బాబు పెళ్లానికి కాస్త టైము కేటాయించాడు. కడియంలో నర్సరీ పెట్టినప్పటి నుంచి మనిషి ఇంట్లో ఉన్నా మనసు మొక్కల దగ్గరే. దానికి తోడు మొన్నామధ్య వ్యాపారస్తులు టైము ఎలా వాడుకోవాలో రాజమండ్రిలో ఎవరో క్లాసు చెబితే వెళ్లొచ్చాడు. ఇక స్నానం, భోజనం, నీళ్ల మోటారు, అన్నీ ఫోన్ క్యాలెండర్‌లో రంగురంగుల గడులే. సూర్యకళకి మాత్రం గడి లేదు.

ఆవిడ అడిగింది మాత్రం ఏపాటిదని? పెళ్లయిన కొత్తలోలా ఓ సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద ఆయన పక్కన కూర్చుని, బజ్జీలు తింటూ, బ్రిడ్జి మీద వెళ్లే రైలు చూడాలని. అది తలుచుకుంటే ఒక్కోసారి ఏడుపొచ్చేది.

"ఇవాళ రాహుకాలం నీదే," అన్నాడు గణేష్‌బాబు. "నాలుగున్నర నుంచి ఆరు. అప్పుడెవరూ బేరం కుదుర్చుకోరు. వేస్టయిపోతోంది."

"ఎవరికీ అక్కర్లేని టైము నాకిచ్చారన్నమాట."

అంది గానీ, మధ్యాహ్నానికే మల్లెపూలు కట్టి, పెసరరంగు చీర తీసి పెట్టుకుంది. ఏ కాలమైతేనేం, మనిషి దొరికాడు.

ఇంతలో తుని నుంచి చిట్టియ్యగారు ఫోన్ చేశారు. కొత్త తోట వేస్తున్నారు, లారీడు మొక్కలు కావాలి, సాయంత్రం వస్తామన్నారు. పెళ్లాంతో షికారుకి వెళుతున్నానని చెప్పడానికి గణేష్‌బాబుకి నామోషీ. "రాహుకాలంలో నేను దొరకనండి," అనేశాడు. అవతల చిట్టియ్యగారు మురిసిపోయారు. ఈ రోజుల్లో ఇంత నిష్ఠ గల మనిషా! రాహుకాలం దాటగానే మొదటి బేరం తనదే కావాలని, బావమరిదిని వెంటేసుకుని ముందుగానే వచ్చి హాల్లో కూర్చున్నారు.

"మీ పూజ మీరు కానివ్వండి. మేమిలా కూర్చుంటాం."

"అది కాదండి, చిన్న పనుండి బయటికి..."

"రాహుకాలంలో మీరు గడప దాటుతారా? నన్ను పరీక్షించకండి గణేష్‌బాబుగారూ."

చేసేదేముంది? నిష్ఠాపరుడు దేవుడి గదిలోకి వెళ్లి కళ్లు మూసుకున్నాడు. సూర్యకళ తలలో మల్లెపూలతో, పొయ్యి ముందు నిలబడి అతిథులకి బజ్జీలు వేసింది. వాము ఇంకాస్త పడాల్సిందని బావమరిది అన్నాడు. కిటికీలో ఎండ వెళ్లిపోతోంది.

ఆరు కావస్తుంటే చిట్టియ్యగారు చొక్కా సవరించుకున్నారు. సూర్యకళ చిల్లుల గరిటె కింద పెట్టి హాల్లోకి వచ్చింది.

"రాహుకాలం అవ్వగానే వర్జ్యం అండి. బాగా పొద్దుపోయేదాకా ఉంది. రేపు పొద్దున్నే రండి."

"చూశావా, ఆయన్ని మించిన ఇల్లాలు," అన్నారు చిట్టియ్యగారు బావమరిదితో. దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

గణేష్‌బాబు గోడ క్యాలెండర్ చూశాడు. "ఇవాళ వర్జ్యం పొద్దున్నే అయిపోయింది కదే?"

"మీ క్యాలెండర్‌లో మీకు కావలసిన గడులు పెట్టుకున్నారు కదండీ. నేనూ ఒకటి పెట్టుకున్నాను."

ఆయన వాడిపోయిన మల్లెపూల వంక చూశాడు. బండి తీశాడు.

ఘాట్‌లో దీపాలు వెలిగాయి. ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారో లేదో, వెనక నుంచి గొంతు వినిపించింది.

"మీరూ వచ్చారేంటండి? రేపు పొద్దున్న రమ్మన్నారని మేం ఇక్కడే లాడ్జిలో దిగాం," అన్నారు చిట్టియ్యగారు. "మరి వర్జ్యం?"

"గోదారమ్మ దగ్గర వర్జ్యం పట్టదండి," అంది సూర్యకళ తడుముకోకుండా.

"అలాగా? అయితే మన బేరం ఇక్కడే కానిచ్చేద్దామండి." ఆయన బావమరిదితో సహా అదే మెట్టు మీద కూర్చున్నారు.

లారీడు మొక్కలు. గణేష్‌బాబు ఆయన వంక చూశాడు, భార్య వంక చూశాడు. ఆవిడ చీరకొంగు గుప్పిట్లో బిగించి నీళ్లవైపు చూస్తోంది.

"బేరానికి మాత్రం వర్జ్యం పడుతుందండి," అని ఫోన్ ఆఫ్ చేశాడు.

వర్జ్యం వెళ్లేదాకా కదలనన్నారు చిట్టియ్యగారు. బ్రిడ్జి మీద రైలొచ్చింది, నలుగురూ చూశారు. సూర్యకళ భర్త వైపు కాస్త జరిగింది.

బజ్జీలు మాత్రం ఈసారి చిట్టియ్యగారే కొన్నారు.