బాబాయి పెట్టిన పరీక్ష

ఆ ఉదయం టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, సర్టిఫికెట్లు స్కాన్ చేసి, పదకొండు లోపల ఏజెన్సీకి పంపేయాలి. చైనాలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం. దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. ఏడేళ్ళుగా ఒకే గదిలో అవే పాఠాలు చెప్పీ చెప్పీ ఆమెకు తన గొంతు మీద తనకే విసుగు పుట్టింది. ఈ ఒక్క అవకాశం మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంది.

ఏజెన్సీని గుడ్డిగా ఎంచుకోలేదు. దాని ద్వారా వెళ్ళిన ఇద్దరు టీచర్లతో మాట్లాడింది. ఒప్పందం రెండుసార్లు చదివింది. అయినా బాబాయికి నమ్మకం కుదరలేదు.

బాబాయి సబ్బుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు తనిఖీ అధికారిగా చేసి రిటైరైన మనిషి. అక్కడ ఆయనదో పద్ధతి ఉండేది. మంచి సబ్బుల మధ్య పగిలిన సబ్బొకటి తనే పెట్టి, దాన్ని చూడకుండా వదిలేసిన ఉద్యోగిని పట్టుకునేవాడు. రిటైరయ్యాక ఆ విద్య ఇంట్లోవాళ్ళ మీద పడింది.

"మూడు ఏజెన్సీలకి వారం కిందటే పరీక్ష పెట్టానమ్మాయ్," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "మీ నాన్న పేరు మీద, ఆయన ఫోన్ నంబరే ఇచ్చి దరఖాస్తు పంపాను."

నాన్న వీధి చివర టైలరు. ఆయనకొచ్చిన ఇంగ్లీషంతా టేపు మీదున్న అంకెలే.

"నాన్న పేరు మీదా? ఎందుకు బాబాయ్?"

"ఏమీ రానివాణ్ణి ఎవడు తీసుకుంటాడో వాడే దొంగ! పొద్దున్నే రెండు ఏజెన్సీలు జవాబిచ్చాయి. టూరిస్టు వీసా మీద వచ్చేయండి, మిగతాది అక్కడ చూసుకుందాం అన్నాయి. రెండూ బోగస్సే. నీ మూడోది మాత్రం నోరు మెదపలేదు. అదీ ఏజెన్సీ అంటే. పంపించేయ్."

"నాన్నకి ఈ సంగతి తెలుసా?"

"సబ్బుకి చెప్పి పరీక్ష పెడతామా?"

ఆమెకు ఈ వ్యవహారం నచ్చలేదు గానీ, తీర్పు తనకు అనుకూలంగా ఉంది కదా అని ఊరుకుంది. కాగితాలు పంపేసింది.

పన్నెండింటికి మూడో ఏజెన్సీ అధికారిణి ఫోన్ చేసింది. "మేడమ్, మీ డిగ్రీ సర్టిఫికెట్ నంబరుతోనే వారం కిందట ఇంకొకాయన దరఖాస్తు పెట్టారు. ఇద్దరిలో ఎవరిది అసలుది?"

టీచరమ్మ ఫోనుకు చెయ్యి అడ్డుపెట్టి బాబాయి వైపు చూసింది.

"సర్టిఫికెట్ లేకుండా దరఖాస్తు ఎలా పెడతారమ్మా?" అన్నాడాయన అమాయకంగా. "నీదే తీసుకుని పేరు మార్చాను."

ఆమె కోపాన్ని దిగమింగుకుని, తనకు తెలియకుండా నాన్న పేరు ఎవరో వాడారని చెప్పి బతిమాలింది. అధికారిణి కొంచెం మెత్తబడింది. "మూడింటికి వీడియోలో మీ నాన్నగారిని కూర్చోబెట్టండి. తనకేమీ తెలియదని ఆయన ఒక్క మాట చెప్తే, ఎవరిదో ఆకతాయి పనని రాసేసి మీ దరఖాస్తు ముందుకి పంపుతాను."

ఒక్క మాటే కదా! కానీ నాన్న దొరకలేదు. కొట్టు మూసి ఉంది. మూడింటికి చైనా ఏజెన్సీ వీడియో ఉందని, ఇంటికి రమ్మని పక్క కొట్టువాళ్ళకి చెప్పి వచ్చింది. ఫోన్ చేస్తే ఎంతసేపటికీ ఎంగేజే. ఆ రెండు బోగస్ ఏజెన్సీలు ఆయన్ని వదలడం లేదని ఆమెకేం తెలుసు? బాబాయిని మాత్రం నోరు విప్పొద్దని హెచ్చరించి, ఒక మూల కూర్చోబెట్టింది.

సరిగ్గా మూడింటికి, తెర వెలిగాక, నాన్న వచ్చాడు. ఒంటి మీద కొత్త కోటు. దానికి ఒక చెయ్యే ఉంది. రెండోది కుట్టే టైము లేకపోయింది పాపం. కూతురు నోరు తెరిచేలోపే తెర ముందు కూర్చుని, ఆ బోగస్ ఏజెన్సీలవాళ్ళు పొద్దుటి నుంచీ ఫోన్లో బట్టీ పట్టించిన పాఠం అప్పజెప్పాడు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడమ్. ఐ యామ్ టీచర్. ట్వెల్వ్ ఇయర్స్."

అధికారిణి కళ్ళద్దాలు సర్దుకుంది. "సార్, మీరు నిజంగా టీచరేనా?"

"ఎస్," అన్నాడు నాన్న, ఏనుగెక్కినంత సంబరంగా.

మూలనున్న బాబాయి ఇక ఆగలేకపోయాడు. ఒక్క అంగలో తెర ముందుకొచ్చాడు. "టీచరేంటండీ! ఆ సర్టిఫికెట్ నేను తయారుచేసిందే కదా! పేరు దిద్ది, సీలు కాస్త పక్కకి జరిపాను. ఆ రెండు కంపెనీలవాళ్ళు పోల్చుకోలేకపోయారు. మీరొక్కరే పట్టుకున్నారు. మీకు శతకోటి నమస్కారాలు!"

అధికారిణి మర్యాదగానే చెప్పింది. "క్షమించండి. దొంగ సర్టిఫికెట్లు తయారయ్యే ఇంటి నుంచి మేమెవరినీ పంపం. మూడేళ్ళ దాకా మీ చిరునామా నుంచి దరఖాస్తులు తీసుకోం."

తెర నల్లబడింది. టీచరమ్మకు ఏడుపు ఆగలేదు. ఏడేళ్ళ ఆశ ఏడు నిమిషాల్లో పోయింది.

"నా ఉద్యోగం పోయింది బాబాయ్!"

"నాది కూడానా?" అన్నాడు నాన్న, కోటు బొత్తాలు విప్పుకుంటూ.

బాబాయి ఇద్దరినీ పట్టించుకోలేదు. ఆ నల్లటి తెరనే భక్తిగా చూస్తున్నాడు.

"ఇంత నిక్కచ్చిగా ఉండేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదమ్మాయ్," అన్నాడు చివరికి. "ఈ ఏజెన్సీలో కళ్ళు మూసుకుని చేరిపో."