లాండ్రీ గదిలో ఒత్తిడి నివారణ

ఆ ఉదయం ఇల్వా అనుకున్న పని చాలా చిన్నది. ఏడింటికి బిల్డింగ్ కింది ఉమ్మడి లాండ్రీ గదిలో తెల్ల చొక్కా ఉతుక్కుని, పన్నెండింటికి అది తొడుక్కుని అంబులెన్సు సిబ్బందికి పాఠం చెప్పాలి. విషయం, ఒత్తిడిలో మెదడును అదుపు చేసుకోవడం. పాఠం నచ్చితే ఉద్యోగం పర్మనెంటవుతుంది, నచ్చకపోతే ఈ నెలతో సరి.

భర్త హోకన్ పరుగుకు వెళ్ళినట్టున్నాడు. ఇల్వా కాఫీ ముగించి, ఏడు దాటిన కాసేపటికి తలుపు దగ్గరి బట్టల సంచీ భుజాన వేసుకుని దిగింది. చూస్తే ఆమె మెషీను అప్పటికే తిరుగుతోంది!

స్వీడన్‌లోని ఈ ఒరెబ్రూలో ఇంతకన్నా ఘోరం లేదు. మొగుణ్ణి ఎగరేసుకుపోయినా జనం సర్దుకుంటారేమో గాని, తమ వంతు లాండ్రీ గంటలు కాజేస్తే ఊరుకోరు. వంతుల బోర్డు మీద ఏడింటి గడిలో, ఆ గంట తనదేనని చెప్పే ఇల్వా తాళం నిన్నటి నుంచీ వేలాడుతూనే ఉంది. అయినా లోపల నురగలో ఎవరివో ఎర్ర గుడ్డలు దర్జాగా దొర్లుతున్నాయి.

ఇల్వాకు ఒళ్ళు మండిపోయింది. కానీ పాఠం చెప్పబోయే మనిషి. మొదటి పద్ధతి, కోపానికి పేరు పెట్టడం.

"ఇది కోపం," అంది పైకే. "గుండెల్లో ఉంది. బరువుగా ఉంది."

పాత పేపర్లు పారేయడానికి వచ్చిన పక్కింటి ముసలాయన టోర్‌స్టెన్ గుమ్మంలో ఆగిపోయాడు. "గుండెల్లోనా? ఎడం చెయ్యి లాగుతోందా అమ్మాయ్?"

"మీరు కాసేపు మాట్లాడకండి." ఇల్వా కళ్ళు మూసుకుని పొడుగ్గా ఊపిరి వదలసాగింది. ఇది రెండో పద్ధతి. టోర్‌స్టెన్ అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

మూడోది చన్నీళ్ళు. బకెట్ నింపి ముఖం ముంచిందో లేదో, ముసలాయన కాలరు పట్టుకుని పైకి లాగాడు.

"ఇంత చిన్నదానికి ప్రాణం తీసుకుంటారటే?"

"నా మెదడును చల్లారనివ్వరా మీరు?"

పద్ధతులు అక్కడితో అయిపోయాయి. ఇల్వా మెషీను ఆపింది, నీళ్ళు పోయేదాకా పళ్ళు నూరింది, లోపలి ముద్దంతా తీసి పెరట్లో కరుగుతున్న మంచు బురదలోకి విసిరికొట్టింది. "దొంగవెధవ ఎవడో వచ్చి ఏరుకోనీ!" అని బిల్డింగంతా వినబడేలా అరిచింది. కిటికీలు తెరుచుకున్నాయి.

సరిగ్గా అప్పుడే పెరట్లోకి అంబులెన్సు, దాని వెనకే చెమటలు కక్కుతూ హోకన్ వచ్చారు.

"అయ్యో, నీ చొక్కా," అన్నాడు హోకన్. "నీకు ఒత్తిడెందుకని ఏడు కొట్టగానే సంచీలోంచి తీసి నేనే వేశానే. నా ఎర్ర స్కీ సాక్సులతో కలిపి."

బురదలో చొక్కా గులాబీ రంగులో పడి ఉంది. అంబులెన్సు దిగి వచ్చిన నర్సు ఇల్వా నాడి పట్టుకుని, ముఖంలోకి తేరిపార చూసింది.

"పన్నెండింటికి మాకు పాఠం చెప్పేది మీరే కదూ?"

ఇక దాచేదేముంది. "నేనే," అంది ఇల్వా. "మూడు పద్ధతులూ ఇప్పుడే వాడాను."

"పని చేస్తాయా?"

"పక్కన మనుషులు లేకపోతే."

నర్సు పడీపడీ నవ్వింది. మధ్యాహ్నం ఇల్వా బురద కడిగేసిన ఆ గులాబీ చొక్కాతోనే నిలబడి పొద్దుటి కథంతా చెప్పింది. చన్నీళ్ళ పద్ధతికి పక్కన కాపలా మనిషిని కూడా చేర్చింది. వాళ్ళకు తెగ నచ్చింది.

ఉద్యోగం పర్మనెంటయింది. లాండ్రీ గది తాళంచెవి మాత్రం హోకన్ చేతికి మళ్ళీ రాలేదు.