గంపవాడిపై విచారణ

సిబ్బందిలో ఐకమత్యం పెంపొందించే నిమిత్తం, ప్రతి శుక్రవారం భోజనానంతరం యావన్మందీ తమ తమ కుర్చీలలోనే ఆసీనులై కంప్యూటర్ గేమ్ ఆడవలెనని డైరెక్టరు గారు ఉత్తర్వు జారీ చేశారు. అందరూ కలిసి కోట కట్టడం ఆట. చేరిన ప్రతివారికీ మొదట ఒకటే రూపం: గోధుమరంగు చొక్కా, బోడిగుండు, నెత్తిన గంప. సిబ్బంది కిక్కురుమనకుండా రాళ్లు మోశారు. రోజూ చేసే ఉద్యోగానికీ దీనికీ పెద్ద తేడా కనబడక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

డైరెక్టరు గారికి మాత్రం మనసు చివుక్కుమంది. ఇంత సర్వీసు చేసి గంప ఎత్తుకోవడమా? పైగా ప్రాంతీయ అధిపతి పదవి ఖాళీగా ఉంది. ఛైర్మన్ గారు వచ్చే శుక్రవారం స్వయంగా విచ్చేసి, ఈ ఆటలోనే పాల్గొని, డైరెక్టరు గారి నాయకత్వ లక్షణాలు పరిశీలిస్తారని కబురొచ్చింది. గంపతో కనిపిస్తే ఆ పదవికి నీళ్లొదులుకోవలసిందే.

వెంటనే డిజైన్ విభాగంలోని అమ్మాయిని పిలిపించారు. ఆటలోని బొమ్మకు మనకు నచ్చిన ఒళ్లూ బట్టలూ గీసి తొడగవచ్చని, దాన్నే స్కిన్ అంటారని ఆమె వివరించింది. ఆయన తన అవసరాలు క్లుప్తంగా తెలియజేశారు. జుట్టు ఉండాలి. పొట్ట ఉండకూడదు. భుజకీర్తులు, నేలను ఊడ్చే ఎర్రటి పైవస్త్రం. ముఖంలో కారుణ్యం కావాలి, అయితే అలుసిచ్చేంత కాదు. చిన్న చిన్న రంగు గళ్లతో కారుణ్యం తేవడం ఆషామాషీ పని కాదు. కనుబొమలో ఒక్క గడి జరిగేసరికి అది కాస్తా కడుపునొప్పిలా తయారైంది. పాపం ఆ పిల్ల చెరిపింది, గీసింది, మళ్లీ చెరిపింది.

చివరికి ఫైలు సిద్ధమైంది. ఆ అమ్మాయి ఆయన కంప్యూటర్లో ఆట ఫోల్డరు తెరిచి, గంపవాడి బొమ్మ తీసేసి, దీన్ని పెట్టింది. తెరమీద తన్ను తాను చూసుకుని డైరెక్టరు గారికి కళ్లు చెమర్చాయి. పెళ్లినాడు కూడా ఆయన అంత బాగా లేరు.

"సార్, ఒక్క విషయం. ఇది మీ..." అని ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది.

"టెక్నికల్ విషయాలు నా దాకా తేకమ్మా. నువ్వే చూసుకో," అన్నారాయన.

తలలమీద పేర్లు పడే ఏర్పాటు కూడా తీయించేశారు. నాయకుణ్ణి వర్చస్సు చూసి గుర్తుపట్టాలి గానీ, పేరు చదివి కాదని ఆయన సిద్ధాంతం.

శుక్రవారం ఛైర్మన్ గారు సొంత కంప్యూటర్ చంకన పెట్టుకొచ్చి అతిథుల గదిలో కూర్చున్నారు. ఆట మొదలైంది. డైరెక్టరు గారు పైవస్త్రం ఈడ్చుకుంటూ కోటగుమ్మం ముందుకొచ్చి అంతటినీ పర్యవేక్షించసాగారు. అంతలో ఒక గంపవాడు రాయి ముట్టకుండా, తాపీగా మెట్లెక్కి సింహాసనం దగ్గరికి నడిచాడు. ఇంతకంటే క్రమశిక్షణారాహిత్యం ఉంటుందా? "దిగరా గంపా, ఆ రాళ్లు మీ తాత మోస్తాడా?" అని తెరమీద పడేట్టు టైపు చేసి, వాణ్ణి ఒక్క తోపుతో కందకంలో పడేశారు. నాయకత్వం అంటే ఇదీ అని ఛైర్మన్ గారికి అర్థమై ఉంటుందని మురిసిపోయారు.

ఛైర్మన్ గారు ముఖం కందగడ్డ చేసుకుని బయటికొచ్చారు. సింహం మీద కూర్చుని సింహాసనం వైపు వెళుతున్న తనను ఎవడో గంపవాడు కందకంలోకి తోశాడని, తాతను కూడా ప్రస్తావించాడని సెలవిచ్చారు. డైరెక్టరు గారు మనస్ఫూర్తిగా ఆగ్రహించి, అక్కడికక్కడే విచారణ సంఘం వేసి, అధ్యక్షత తామే స్వీకరించారు.

గంపవాణ్ణి వెతుకుతూ ఒక్కొక్కరి తెరా తనిఖీ చేశారు. డిజైన్ అమ్మాయి తెరమీద, కోటగుమ్మం ముందు, డైరెక్టరు గారు తన బొమ్మను నిలిపిన చోటే ఒక గంపవాడు నిలబడి ఉన్నాడు.

"ఎవరమ్మా వీడు?"

"మీరే సార్. ఎవరి స్కిన్ వాళ్ల కంప్యూటర్లోనే కనపడుతుంది. మిగతా అందరికీ మనం గంపవాళ్లమే. ఆ రోజు చెబుదామనుకున్నా."

డైరెక్టరు గారికి ఛైర్మన్ గారు గీయించుకున్న సింహం తన తెరమీద ఎందుకు కనబడలేదో, కందకంలో ఎవరు పడ్డారో ఒక్కసారిగా తెలిసింది. పదవి కళ్లముందే జారిపోతుంటే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. అధ్యక్షులు ఏడవకూడదు గనుక నివేదిక రాశారు.

గంపవాడు దోషి అని రుజువైనందున వాణ్ణి తక్షణం తొలగించడమైనదని, వాడి పని మిగతా సిబ్బంది పంచుకోవలెనని అందులో ఉంది. ఇంత నిష్పక్షపాతంగా విచారణ జరిపినవాడు మరొకడు లేడని మెచ్చుకుని, ఛైర్మన్ గారు పదవి ఆయనకే ఇచ్చారు. సంగతి తెలిసిన అమ్మాయిని ప్రశంసాపత్రంతో సహా దూరపు శాఖకు బదిలీ చేశారు.

వెళుతూ వెళుతూ ఆమె అడిగినవారందరికీ స్కిన్‌లు గీసి ఇచ్చింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం అక్కడ అందరూ ఎవరి తెరమీద వారు భుజకీర్తులతో వెలిగిపోతూ, చుట్టూ ఉన్న గంపవాళ్ల సోమరితనం చూసి నిట్టూరుస్తున్నారు. కోట మొదటి వరుస దగ్గరే ఉంది.

ఇది చదువుతూ తమరు డైరెక్టరు గారిని చూసి నవ్వుకునే ఉంటారు. తమ తెరమీద తమరికేం, దివ్యంగా ఉంటారు. ఒక్కసారి లేచి, పక్క కుర్చీవాళ్ల తెర చూసి రండి. గంప జాగ్రత్త, ద్వారబంధానికి తగులుతుంది.