ఆరెంజు కోసం చెప్పిన ఆమెన్

షుగరొచ్చిందని మార్కాపురం డాక్టరు చెప్పినప్పుడు నిత్యానందం బెదరలేదు. "కూల్‌డ్రింకులు బంద్" అన్నప్పుడు మాత్రం కళ్లు తిరిగి కుర్చీ పట్టుకున్నాడు.

అతని దృష్టిలో కూల్‌డ్రింకంటే ఆరెంజు ఒక్కటే. నల్లది కషాయం, తెల్లది ఉత్త సోడా. గోళీ సీసాల కాలంలోనే ఆరెంజు తాగి, రంగు పట్టిన నాలుకను ఊరంతా చూపించి వచ్చినవాడు మరి!

"కమలాపండు పండే కదా పుష్పా! పండ్లు తినమని డాక్టరే చెప్పినాడు" అన్నాడు భార్యతో.

పుష్పమ్మ సీసా తిప్పి చూపించింది. "పండు ఈ కాగితం మీదే ఉండాది. లోపలంతా చక్కెర, రంగు, గ్యాసు. పండే కావాలంటే కాగితం నాక్కో."

ఆ రోజు నుంచి ఇంట్లో ఆరెంజు ఆగిపోయింది. కానీ ఎంత గట్టి కంచెకైనా ఒక సందు ఉంటుంది. ఇంటికొచ్చిన వాళ్లకు ఆరెంజు పోయకపోతే పుష్పమ్మకు పరువు తక్కువ. ఇంటాయన తాగకుండా వచ్చినవాళ్లు గ్లాసు ముట్టరు. నలుగురి ముందు మొగుడి చేతిలో గ్లాసు లాక్కోవడం ఆమె వల్ల కాదు.

ఇంకేం, నిత్యానందం రోడ్డు పక్క అరుగెక్కి చుట్టాలకు వల వేశాడు.

మొదట జాకబ్ బావ పడ్డాడు. మర్నాడు మేకలు కాసే కాటమరాజు పడ్డాడు. అతని వెనకే మేకలూ వచ్చాయి. అతను ఒక గ్లాసు ముగించేలోపు అవి కరివేపాకు చెట్టు ముగించి, ఆరేసిన చీర కొంగు అందుకున్నాయి. ఆ తర్వాతి రోజు ఆటో దిగిన ప్లాస్టిక్ కుర్చీల వ్యాపారి దొరికాడు.

"ఈయన మనకేమవుతాడు?" అంది పుష్పమ్మ.

"మా చిన్నాయన తోడల్లుడికి తమ్ముడు."

"పేరేంది?"

నిత్యానందం వ్యాపారి వైపు చూశాడు. వ్యాపారి గ్లాసు వైపు చూశాడు.

"చుట్టరికం చెప్పినా గదా, పేరు గూడా కావాల్నా నీకు?"

పుష్పమ్మ నవ్వి, ఇద్దరికీ పోసింది. ఆ నవ్వుకే అతను జడుసుకోవాల్సింది.

"ఆదివారం స్త్రీల ప్రార్థన కూడిక మనింట్లో పెట్టుకుందామయ్యా. ఆరెంజు నువ్వే తీసుకురా, పెద్ద సీసాలే తే" అంది.

నిత్యానందం చెప్పులు కూడా వేసుకోకుండా దుకాణానికి పరిగెత్తాడు.

ఆదివారం ఇల్లు నిండింది. గ్లాసులు నిండాయి. ప్రార్థన కాకుండా ఎవరూ ముట్టరు కాబట్టి కూడిక నడిపే హెలెనక్క కళ్లు మూసుకుంది. ఆమె ప్రార్థన ఆదాము దగ్గర బయలుదేరి, రాచర్ల, యర్రగొండపాలెం తిరిగి, ప్రతి గడపా తొక్కి గానీ ఈ ఇంటికి రాదు.

నిత్యానందం చెవులు మాత్రం గ్లాసుల మీదున్నాయి. గ్యాసు చిటపటలాడుతూ పోతోంది. అక్క ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిసారీ, ముగించేస్తుందేమోనని "ఆమెన్!" అనేవాడు. చివరికి ఆమె బాగా ఆగింది. "ఆమెన్!" అని పైకప్పు అదిరేలా అరిచి కళ్లు తెరిచాడు.

ఆడవాళ్లంతా అతన్నే చూస్తున్నారు. ఒకరిద్దరు కళ్లు కూడా తుడుచుకుంటున్నారు.

"ఎంత మంచి తీర్మానం చేసినావు తమ్ముడూ!" అంది హెలెనక్క.

"ఏం తీర్మానం?"

"ఇంక ఆరెంజు ముట్టడని నేను ప్రార్థన చేస్తే, ఆమెన్ అని దేవుని ముందర ఒప్పుకుంటివి గదా!"

"అయ్యో, నేను వినలేదక్కా!"

"వినకుండానే అంత గట్టిగా అన్యావా?"

నిత్యానందం చివరి బాణం వదిలాడు. "నేను తాగకుంటే మీరెట్ల తాగుతారు పాపం?"

"నీ భారం మేం మోస్తాంలే" అని హెలెనక్క గ్లాసెత్తింది. అందరూ ఎత్తారు.

పుష్పమ్మ పక్కన కూర్చుని అతని చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టింది. "నీ కండ్లు పోతాయన్నాడయ్యా డాక్టరు. నేను రోజూ నీతో కొట్లాడలేక వీళ్లను పిలిచినా" అంది మెల్లగా.

నిత్యానందం గ్లాసెత్తాడు. మజ్జిగ సగం తాగాడో లేదో, హెలెనక్క రెండో సీసా అతని ముందు పెట్టింది.

"తమ్ముడూ, మూత బిగుసుకున్యాది. రవ్వంత తిప్పి పెట్టు నాయనా, మాకు చేతకావడంలే."