యలమంచిలి దాకా నిద్ర

"ప్రయాణం మానుకున్న ప్రతి పౌరుడూ తుపాకి పట్టిన సిపాయితో సమానం!"

అనకాపల్లి స్టేషనులో, టిక్కెట్ల కిటికీ నెత్తిమీద, ఎర్రరంగుతో రాసిన బోర్డు ఇది. దాని అడుగున చిన్నక్షరాల్లో 'అనవసర ప్రయాణ నివారణ సంఘం, అనకాపల్లి శాఖ' అని ఉంది. ఆ అడుగున ఒక బల్ల, బల్ల వెనక ఒక కుర్చీ, కుర్చీ నిండా సంఘాధ్యక్షులు త్రినాధరావుగారు!

యుద్ధం రోజులు. రైళ్ళు సిపాయిలకీ సరుకులకీ కావాలి కాబట్టి మామూలు జనం ఎక్కడివాళ్ళక్కడ ఉంటే మంచిదని పైవాళ్ళు సలహా చెప్పారు. పైవాళ్ళు సలహా మాత్రమే చెప్పారు. దాన్ని శాసనం చేసిన ఘనత త్రినాధరావుగారిది. సంఘం చీటీ లేనిదే ప్లాటుఫారం మీద ఎవరూ కాలు పెట్టకూడదు. చీటీ కావాలంటే ప్రయాణం అవసరమని రుజువు చూపించాలి.

ఏది అవసరమో తేల్చడానికి సంఘం మూడు నెలలు కూర్చుని ఒక పట్టీ తయారుచేసింది. పెళ్ళి అనవసరం. కోర్టు వాయిదా అనవసరం, ఎలాగూ మళ్ళీ వాయిదా వేస్తారు. తల్లిని చూడబోవడం మరీ అనవసరం, పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నారు కదా! ఎవరికైనా 'సీరియస్' అయితే మాత్రం అవసరం.

ఆ పట్టీ గోడకెక్కిన మర్నాటి నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ ఆరోగ్యం పాడైపోయింది. రిజిస్టరు ప్రకారం ఆ నెలలో ఒక్క యలమంచిలిలోనే నలభై ముగ్గురు మేనత్తలకి సీరియస్. అందులో పదకొండు మంది కిందటి నెలలోనే పోయినవాళ్ళు!

సంఘం వారికి మాత్రం చీటీ అక్కర్లేదు. రోజు విడిచి రోజు వాళ్ళు పగటి పాసింజరులో, సెకండు క్లాసులో, యలమంచిలి వెళతారు. అక్కడ 'ప్రయాణాలు మానండి' అని ఉపన్యాసం ఇచ్చి సాయంకాలం బండికి తిరిగివస్తారు. దగ్గరుండి చెప్పకపోతే జనానికి బుర్రకెక్కదు మరి!

అటువంటి బల్ల ముందు ఆ ఉదయం నూకరత్నం చంటిపిల్లని భుజాన వేసుకుని నిలబడింది. పక్కన తాటాకు విసనకర్రా, బట్టల మూటా పట్టుకుని ఆమె అత్తగారు కాసులమ్మ. చంటిపిల్ల పైడితల్లికి ఐదో నెల. స్టేషనంతా దద్దరిల్లేలా ఏడుస్తోంది.

నూకరత్నం కష్టం ఒక్కటే. ఈ పిల్ల నిద్రపోదు. రాత్రి లేదు, పగలు లేదు, కళ్ళు గుండ్రంగా తెరుచుకుని లోకాన్ని తనిఖీ చేస్తూ ఉంటుంది. వస అరగదీసి నాకించారు. సాంబ్రాణి పొగ వేశారు. దిష్టి తీశారు. నూకాలమ్మకి మొక్కుకున్నారు. ఎన్ని చేసినా ఫలితం లేదు. పిల్లకి ఏమవుతుందోనని నూకరత్నానికి అన్నం సయించదు. పిల్ల ఒక్క క్షణం కళ్ళు మూస్తే, ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి ఈమే లేపేస్తుంది! బెల్లం బజారులో కాటా దగ్గర పనిచేసే మొగుడు కూడా నిలబడి కునికిపాట్లు పడుతున్నాడు.

అయితే పురిటికి వెళ్ళిన నూకరత్నాన్ని యలమంచిలి నుంచి తీసుకొచ్చిన రోజున ఒక వింత జరిగింది. రైలు కదిలింది, పిల్ల కళ్ళు మూసింది. అనకాపల్లి వచ్చేదాకా తెరవలేదు. రైలాగింది, ఏడుపు మొదలైంది.

"ఓలమ్మ! ఇది రైలు గుంట!" అని మనవరాల్ని చూసి కాసులమ్మ తేల్చేసింది.

అప్పటి నుంచీ రోజు విడిచి రోజు అత్తాకోడళ్ళు పిల్లని నిద్రపుచ్చడానికి రైలెక్కుతున్నారు. ఆడవాళ్ళ పెట్టెలో ట్రంకుపెట్టెల మీద కూర్చోవాలి, కంట్లో బొగ్గు నలుసు పడుతుంది, ఎవరి గంపలోని ఎండుచేపల వాసనో మన చీరకి పడుతుంది. పడితే పడనీ! కిటికీలోంచి చెరకుతోటల గాలి వస్తుంది, ఎక్కడో బెల్లం వండుతున్న వాసన వస్తుంది, ఒళ్ళో పిల్ల పెదాలు కదుపుతూ నిద్రపోతుంది. పిల్లతోపాటు తల్లీ పడుకుంటుంది. ఆ గంటసేపు నిద్రే ఆమెకి రెండు రోజుల బతుకు.

ఈ మాట బల్ల దగ్గర చెప్పడానికి పట్టీలో చోటు లేదు. అమ్మకి సీరియస్ అని చెబుదామంటే నోరు రాలేదు. అందుకని లోకంలో లేని ఒక పెద్దమ్మని పుట్టించి, తల్లమ్మ అని పేరు పెట్టి, మంచాన పడుకోబెట్టింది.

"ఎవరికి సీరియస్?" అన్నారు త్రినాధరావుగారు తలెత్తకుండా.

"మా పెద్దమ్మకండి. తల్లమ్మ. యలమంచిలి."

గుమాస్తా బంగారయ్య రిజిస్టరు తిరగేశాడు. "అయ్యా, పుష్యమాసంలో తల్లమ్మగారికి కొనఊపిరి. మాఘంలో పన్నెండుసార్లు కొనఊపిరి. ఫాల్గుణం వచ్చి వారమైనా కాలేదు, ఇది మూడోసారి!"

త్రినాధరావుగారు కళ్ళజోడు తీశారు. "ఇంత గట్టి కొనఊపిరి మద్రాసు రాజధాని మొత్తంలో లేదే! వైద్యం చేస్తున్నదెవరమ్మా? అతన్ని వెంటనే యుద్ధానికి పంపించాలి!"

"అది మొండి మనిసి బాబూ," అంది కాసులమ్మ. "సావమని దేవుడు సెప్పినా ఇనుకోదు."

"అయితే నేను వింటాను. ఇవాళ సంఘమే స్వయంగా వచ్చి ఆవిడ్ని చూస్తుంది. ఎంక్వయిరీ! అబద్ధమని తేలిందో, దేశద్రోహుల పేర్లు రాసే ఈ నల్లబల్ల మీదకి నీ పేరెక్కుతుంది. ఇక ఈ జన్మలో చీటీ ఉండదు. నువ్వు తప్పించుకుపోకుండా మా పెట్టెలోనే కూర్చో!"

నూకరత్నం పిల్లని ఇంకో భుజానికి మార్చుకుంది. నల్లబల్ల మీద పేరెక్కితే ఎక్కనీ, చీటీ లేకపోతే పిల్ల గతి ఏమిటి?

కాసులమ్మకి ఆ బెంగ లేదు. సెకండు క్లాసు పెట్టెలోకి ఎక్కుతూనే మెత్తటి సీటుని రెండు చేతులతో నొక్కి చూసి, "ఏటే నూకాలూ, ఇది పరుపే!" అంది కోడలితో. నెత్తిమీద కరెంటు పంకా తిరుగుతోంది. చేతిలో విసనకర్రని అవమానంగా చూసి మూటలో పెట్టేసింది.

రైలు కదిలింది. పైడితల్లి కళ్ళు మూసింది. బయ్యవరం దాటకముందే త్రినాధరావుగారి గడ్డం గుండెల మీద వాలి, పెట్టెలో ఒక గురక బయల్దేరింది. నూకరత్నం మాత్రం కన్ను వాల్చలేదు. యలమంచిలిలో లేని మనిషిని ఎక్కడి నుంచి తేవాలి?

నరసింగపల్లిలో మిలిటరీ స్పెషలుకి దారివ్వడానికి పాసింజరుని ఆపేశారు.

పైడితల్లి లేచింది. గుక్కపట్టింది. త్రినాధరావుగారు కూడా ఉలిక్కిపడి లేచి, "ఎందుకాగింది?" అని ఒక్క అరుపు అరిచారు. పావుగంటైంది, అరగంటైంది, గంటైంది. పిల్లని ఎత్తుకున్న చేతులు మారుతున్నాయి గాని ఏడుపు మారలేదు. తల్లి, అవ్వ, బంగారయ్య అయ్యాక, చివరికి అధ్యక్షులవారే ఎత్తుకున్నారు. లాలి పాటలు రాక, యలమంచిలిలో ఇవ్వాల్సిన ఉపన్యాసం చెప్పసాగారు. 'ప్రియమైన పౌరులారా' అనేసరికి పిల్ల రెండింతలు ఏడ్చింది.

చివరికి రైలు కదిలేసరికి నలుగురి ఒళ్ళూ హూనమైపోయింది. మొదట పిల్ల పడుకుంది. తర్వాత అధ్యక్షులు. తర్వాత గుమాస్తా, రిజిస్టరు తలకింద పెట్టుకుని. కాసులమ్మ సరేసరి. 'యలమంచిలి రాగానే లేవాలి' అనుకుంటూ నూకరత్నం ఒక్క రెప్ప వాల్చింది.

ఎవరో తలుపు బాదుతున్నారు. కళ్ళు తెరిచేసరికి కిటికీలో బోర్డు కనిపించింది: తుని!

యలమంచిలి ఎప్పుడో వెనకపడిపోయింది. జిల్లాయే మారిపోయింది. తలుపు దగ్గర భుజానికి ఎర్రగుడ్డ కట్టుకున్న మనిషి నవ్వుతూ నిలబడ్డాడు. అతనే తుని సంఘాధ్యక్షుడు తాతబ్బాయి, త్రినాధరావుగారికి బావమరిది వరస. తుని శాఖ నిద్రపోతోందని కిందటి నెలలోనే త్రినాధరావుగారు పైకి ఫిర్యాదు రాశారు. అది తాతబ్బాయికి బాగా గుర్తుంది.

"ఏం బావా, తుని శాఖ నిద్ర చూసిపోదామని పడుకునే వచ్చేవా? దిగు, దిగు!"

అందరినీ ప్లాటుఫారం మీద బెంచీ దగ్గర నిలబెట్టారు. తాతబ్బాయి సుద్దముక్క పట్టుకున్నాడు. "నీకు యలమంచిలి దాకానే అనుమతి. ఇది తుని. టిక్కెట్టు సంగతి రైలువాళ్ళు చూసుకుంటారు, దేశం సంగతి మేం చూసుకుంటాం. తునిలో నీకేం అవసరం బావా? చెప్పకపోతే పేరు బల్ల మీదకెక్కిస్తాను, ఊళ్ళో టముకు వేయిస్తాను!"

త్రినాధరావుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. నూకరత్నం వైపు వంగి, గొంతు తగ్గించి అడిగారు: "అమ్మా... మీ పెద్దమ్మగారిని తుని మార్చడానికి వీలుంటుందా?"

నూకరత్నం తెల్లబోయింది. "ఆవిడ యలమంచిలిలో ఉన్నట్టు మీ రిజిస్టర్లో ఉంది కదండీ."

"రిజిస్టరు నాదేనమ్మా! బంగారయ్య మారుస్తాడు!" అని గుసగుసలాడి, పైకి గట్టిగా అన్నారు: "సీరియస్ బావా! వీళ్ళ తాలూకు మనిషికి సీరియస్. ఆడవాళ్ళు కదా అని తోడొచ్చాను."

"అయ్యో పాపం! పద, రోగిని చూద్దాం," అన్నాడు తాతబ్బాయి. "నీలాగే నేనూ ఎంక్వయిరీ లేకుండా ఏదీ నమ్మను."

నూకరత్నం భుజాన పైడితల్లి ఏడుస్తూనే ఉంది. రోగిని చూపించలేకపోతే అధ్యక్షుడి పేరుతోపాటు తన పేరూ ఎక్కుతుంది. అంతటితో రైలు లేదు, నిద్ర లేదు. నూకరత్నం పిల్లని గుండెలకి హత్తుకుని ఒక్క అడుగు ముందుకి వేసింది.

"ఊళ్ళోకి ఎందుకండి? రోగి ఇక్కడే ఉన్నారు. ఈ బాబుగారే!"

త్రినాధరావుగారి నోరు తెరుచుకుంది.

"ఏటి జబ్బు?" అన్నాడు తాతబ్బాయి.

నూకరత్నానికి తెలిసిన జబ్బు ఒక్కటే. అది ఆమె కంటే బాగా చెప్పగల డాక్టరు ఆ జిల్లాలో లేడు. "నిద్ర పట్టదండి. ఇంట్లో ఎన్ని చేసినా పట్టదు. రైలు కదిలితే చాలు, పడుకుంటారు. ఆగితే లేచి గోల. అందుకని రోజు విడిచి రోజు మేం రైలెక్కించి పడుకోబెడుతున్నాం. పెద్దమనిషి కదండీ, పైకి చెప్పుకోలేక ఉపన్యాసం అంటారు."

తాతబ్బాయి గుమాస్తా వైపు తిరిగాడు. "నిజమేనా?"

బంగారయ్య జన్మలో మొదటిసారి కళ్ళారా చూసింది చెప్పాడు. "నిజమేనండి. బయ్యవరం దాటకుండానే గురక. నరసింగపల్లిలో ఆగ్గానే అరుపు."

త్రినాధరావుగారు అటు సుద్దముక్క కేసి చూశారు, ఇటు బెంచీ కేసి చూశారు. దేశద్రోహం కంటే రోగం గౌరవంగా కనబడింది. మెల్లగా బెంచీ మీద వాలి, కాసులమ్మ మూట మీద తల పెట్టుకున్నారు.

"అయ్యో బాబూ! ఎంత సిక్కిపోనావు!" అంటూ కాసులమ్మ మూట అంచులోంచి విసనకర్ర లాగి విసరసాగింది.

ఏడేళ్ళుగా బావ అని పిలుస్తూ కసి తీర్చుకోలేకపోయిన తాతబ్బాయి సుద్దముక్క పడేసి కలం తీశాడు. బల్ల మీద రాస్తే వానకి పోతుంది, కాగితం మీద రాస్తే పోదు! ఇలా రాసి, ముద్ర వేసి, తుని నుంచి అనకాపల్లి దాకా ప్రతి స్టేషనులోనూ అంటించమని పంపాడు:

"సదరు రోగి త్రినాధరావుగారిని రోజు విడిచి రోజు పగటి పాసింజరులో యలమంచిలి దాకా తీసుకుపోయి నిద్రపుచ్చవలెను. సదరు రోగికి తోడుగా సదరు స్త్రీలు ఇద్దరు గాని ఒకరు గాని, సదరు శిశువుతో సహా వెళ్ళవచ్చును. తోడు లేని యెడల సదరు రోగి ప్రయాణము అనవసరముగా ఎంచబడును."

ఆ రోజు నుంచి నూకరత్నాన్ని ఎవరూ చీటీ అడగలేదు. ఉపన్యాసాలు ఆగిపోయాయి. రోగి ఉపన్యసిస్తే జనం వినరు కదా! త్రినాధరావుగారు కిటికీ పక్కన, పిల్ల అవ్వ ఒళ్ళో, తల్లి ఆ మూలన, ముగ్గురూ యలమంచిలి దాకా పడుకోవడం, కాసులమ్మ కాపలా కాయడం. పల్లీలమ్ముకునేవాళ్ళు ఆ పెట్టె దగ్గరికి వస్తే, "నెమ్మదిగా అరవండి, రోగీ గుంటా పడుకున్నారు," అని ఆమె కసురుకునేది.

ఉగాది వెళ్ళిన రెండు వారాలకి ఒక పగలు, ఇంట్లో, చీర ఉయ్యాల్లో, ఎవరూ ఊపకుండానే పైడితల్లి నిద్రపోయింది. నూకరత్నం నమ్మలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చగా ఊపిరి తగిలింది. పిల్ల లేవలేదు. ఆమె ఉయ్యాల కిందే, వట్టి నేల మీద, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంది.

గుమ్మంలో దగ్గు వినబడింది. చంకలో తలగడతో త్రినాధరావుగారు, వెనక బంగారయ్య.

"అమ్మా, బండికి సిగ్నలిచ్చారు..."

"ఇంక రానక్కర్లేదు బాబుగారూ," అంది నూకరత్నం కళ్ళు తెరవకుండానే. "గుంట ఇంట్లోనే పడుకుంటోంది."

త్రినాధరావుగారు ఉయ్యాల వైపు అసూయగా చూశారు. కాసేపు గడప మీద కాలు మార్చి కాలు మీద నిలబడ్డారు. అధ్యక్షుడి గొంతు కాదు, అచ్చం అర్జీదారుడి గొంతు వచ్చింది.

"మరి నా సంగతేమిటమ్మా? ఇంట్లో నిజంగానే పట్టట్లేదు. తోడు లేకపోతే ఎక్కనివ్వరు..."

నూకరత్నం అప్పటికే నిద్రలో ఉంది.

వంటగదిలోంచి కాసులమ్మ చెయ్యి తుడుచుకుంటూ గబగబా వచ్చింది. కోడల్ని చూసింది, మనవరాల్ని చూసింది, తలగడని చూసింది. ఆ మెత్తటి సీటూ, తిరిగే పంకా, చెరకుతోటల గాలీ కళ్ళ ముందు మెదిలాయి కాబోలు, రోగి మీద ఆమెకి ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

"రోగం మనిసిని అలాగ ఒగ్గేత్తామేటి బాబూ, పాపం కాదూ! ఉండండి, సీర మార్సుకుని వత్తాను."