నిశ్శబ్దంగా కలిసి ఆలోచించవలెను

"ఈ రోజు నుంచి మన బడిలో ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. అందరూ కలిసి ఆలోచిస్తారు" అని హెడ్మాస్టరుగారు ప్రార్థన వేళ ప్రకటించారు. మొదటి ర్యాంకు వాడి ముఖం వాడిపోయింది. చివరి ర్యాంకు వాడు చప్పట్లు కొట్టాడు. వాణ్ణి ఎండలో నిలబెట్టారు.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు అది. కంప్యూటరుకు పని చెప్పేవాళ్ళు ఎలా ఆలోచిస్తారో, పిల్లలు కంప్యూటరు లేకుండానే, బల్లమీద ఆటలాడి నేర్చుకోవాలట. కంప్యూటర్లు కొనే బాధ తప్పిందని అందరం సంతోషించాం. లెక్కల మాస్టర్ని కాబట్టి ఆ బాధ్యత నా నెత్తిన పడింది.

ఆట పెట్టె వచ్చింది. అట్టమీద గళ్ళు, వీధులు, గుంతలు, ఒక మూల ఆసుపత్రి, ఇంకో మూల చిన్న చెక్క అంబులెన్సు. నలుగురు కలిసి ఆడి దాన్ని ఆసుపత్రికి చేర్చాలి. ఒకరి దగ్గర "ముందుకు" కార్డులు, ఒకరి దగ్గర "ఎడమకు", ఒకరి దగ్గర "కుడికి", నాలుగో వారి దగ్గర "మళ్ళీ అదే చెయ్యి". నలుగురూ మాట్లాడుకుని కార్డులన్నీ వరసగా పేర్చాకే బండి కదలాలి. గుంతలో పడితే నలుగురూ ఓడినట్టే. ఏ కార్డు దగ్గర తప్పిందో వెతికి, సరిచేసి మళ్ళీ నడపాలి.

"విలువైన వస్తువు, పిల్లల చేతికిస్తే పాడవుతుంది" అంటూ హెడ్మాస్టరుగారు దాన్ని తన గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. బయటనుంచి చూసి నేర్చుకోవడానికి మాత్రం పిల్లలకు అనుమతి ఇచ్చారు.

అలా రెండు నెలలు నేర్చుకున్నాక తనిఖీ అధికారి వస్తున్నారని కబురొచ్చింది.

"మాస్టారూ, మొదటి నాలుగు ర్యాంకుల వాళ్ళని తీసుకోండి. ఏ కార్డు తర్వాత ఏ కార్డో రాసిచ్చి కంఠతా పట్టించండి" అన్నారు హెడ్మాస్టరుగారు.

"పిల్లలు ఆలోచించాలి కదండీ?"

"అధికారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆలోచిస్తూ ఉంటే ఏం బాగుంటుందయ్యా?"

నిజమే. మూడు రోజుల్లో నలుగురూ ఎక్కాల్లా అప్పజెప్పేశారు.

తనిఖీ రోజు ఆట పెట్టె బీరువాలోంచి తరగతికి వచ్చింది. అధికారిగారు ఎదురుగా కూర్చుని, తనకు బాగా కనబడాలని అంబులెన్సును ఇంకో గడిలోకి జరిపారు. "ఇక్కణ్ణుంచి రానివ్వండి" అన్నారు.

పిల్లలు కంఠతా వచ్చిన కార్డులే పేర్చారు. బండితోపాటు బడి పరువూ మొదటి గుంతలోనే పడింది.

"నా కార్డు కరెక్టే సార్" అన్నారు నలుగురూ ఒకేసారి. వాళ్ళు కలిసి చేసిన పని అదొక్కటే. మూడో ర్యాంకు అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏమిటండీ ఇది?" అన్నారు అధికారిగారు.

"గుంత అక్కడ ఉండకూడదండీ. అచ్చులో పొరపాటు" అన్నారు హెడ్మాస్టరుగారు.

అధికారిగారు అట్టను కాసేపు తేరిపార చూశారు. "అవును, అచ్చు తప్పే" అన్నారు. ముగ్గురం టీ తాగడానికి వెళ్ళాం.

నేను ముందుగా తిరిగొచ్చేసరికి తరగతి గోలగోలగా ఉంది. నలభై తలలు ఆ అట్టమీద వాలి ఉన్నాయి. మధ్యలో, నా పరీక్షలో ఏనాడూ పది మార్కులు దాటని అమ్మాయి ఒక్కో కార్డు మీదా వేలు పెట్టి చూస్తోంది.

"ఆగండి, మొదట్నుంచి చూద్దాం. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఈ ఎడమ దగ్గరే తేడా కొట్టింది."

మూడో ర్యాంకు అమ్మాయి కళ్ళు తుడుచుకుని అక్కడ "కుడికి" పెట్టింది. "ఇన్ని ముందుకులు ఎందుకు? ఒకటి పెట్టి మళ్ళీ అదే చెయ్యి అందాం" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అంబులెన్సు నాలుగు మలుపులు తిరిగి ఆసుపత్రి చేరింది. ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఒకరి జవాబుకు తరగతంతా సంతోషించడం అప్పుడే చూశాను. నేనూ చప్పట్లు కొట్టబోయాను.

వరండాలో హెడ్మాస్టరుగారి చెప్పుల చప్పుడు వినబడింది. ఎత్తిన చేతులు దించి, వెంటనే గద్దించాను.

"ఏమిటా గోల? ఎక్కడివాళ్ళు అక్కడ కూర్చోండి."

అధికారిగారు తొంగిచూసేసరికి అందరూ చేతులు కట్టుకుని ఉన్నారు. "ఈ బడిలో విద్యార్థులు నిశ్శబ్దంగా, క్రమశిక్షణతో కలిసి ఆలోచించుచున్నారు" అని రాసి, మాకు ఉత్తమ పాఠశాల పత్రం ఇచ్చి వెళ్ళారు.

మర్నాడు గోలకు కారణమైన ఆ పది మార్కుల అమ్మాయి తల్లిని పిలిపించాను.

"మీ అమ్మాయి క్లాసులో పక్కవాళ్ళతో మాట్లాడుతోందమ్మా."

"అయ్యో, ఏం మాట్లాడిందండీ?"

చెప్పబోయి ఆగాను. ఉన్నదున్నట్టు చెబితే నా ఫిర్యాదు నిలవదు.

"అదంతా ఎందుకులెండి" అంటూ ఫిర్యాదు కాగితం ఆవిడ ముందుకు జరిపాను. "ఇక్కడ సంతకం పెట్టండి."