అంగుళం వదులు

ఆ రోజు ఉదయం టైలరు మాస్టారి ప్రణాళిక చాలా చిన్నది. కూతుర్ని రోబో పోటీ జరిగే హాలు దగ్గర దింపాలి, షాపు తెరవాలి, రెండు చొక్కాలకు కాలర్లు కుట్టాలి. అంతే. రోబో గురించి ఆయనకు తెలిసిందల్లా, అది ఆరు నెలలుగా తమ ఇంటి ముందుగదిని ఆక్రమించుకుందనీ, పొరపాటున కాలు తగిలితే తిట్లు తనకే పడతాయనీ.

తీరా బయల్దేరే వేళకు ఠప్పుమని శబ్దం. కూతురు ఆఖరిసారి నడిపి చూస్తుంటే రోబో చేతికున్న బెల్టు తెగింది. మోటారుకొక పుల్లీ, చేతి మొదట్లో ఇంకో పుల్లీ, రెంటినీ కలుపుతూ లోపలివైపు పళ్ళున్న ఈ రబ్బరు బెల్టు. అది లేకపోతే చెయ్యి లేవదు, పోటీలో పెట్టాల్సిన పెట్టెలు అరమీదికి ఎక్కవు.

"నాన్నా, బెల్టుల కొట్టు నీ షాపు పక్క వీధిలోనే కదా. నేను రోబోను తీసుకుని ముందు వెళ్తాను. నువ్వు ఈ పాతది కొలిపించి, కొత్తది పట్రా. కొలతలు నీకు ఒకళ్ళు చెప్పాలా!"

ఆ చివరి మాటకు మాస్టారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఈ పిల్ల మూడేళ్ళుగా ఆయన చేత ఒక్క చొక్కా కుట్టించుకోలేదు. అన్నీ రెడీమేడే. "నీవన్నీ పాతకాలం కొలతలు నాన్నా" అని ఓసారి అనేసింది కూడా. ఆ మాట ఆయన్ని ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. అలాంటిది ఇవాళ తనంతట తనే కొలత అప్పగించింది!

కొట్టతను తెగిన బెల్టు చూడగానే, "నూట ఇరవై పళ్ళు మాస్టారూ" అని కొత్తది తీసి బల్లమీద పెట్టాడు.

మాస్టారు మెడలో టేపు తీసి కొలిచారు. అరవై సెంటీమీటర్లు. పాతదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. అదే ఆయనకు నచ్చలేదు.

"పాతది ఎందుకు తెగిందంటావు?"

"అరిగిపోయుంటుంది."

"అరగడం కాదయ్యా, బిగుతు! ఒంటికి పట్టేసేలా పెడితే ఏదైనా పిగులుతుంది. అంగుళమైనా వదులుండాలి. దీని తర్వాత సైజేది?"

"నూట ఇరవై అయిదు. కానీ మాస్టారూ, ఇదేమీ చొక్కా కాదు..."

"నలభై ఏళ్ళ సర్వీసయ్యా నాది!"

కొట్టతను పెద్దది చుట్టి ఇచ్చాడు.

హాల్లో కూతురు బెల్టు తొడిగింది. అది పుల్లీల మధ్య ఊయలలా వేలాడింది. మోటారు వేస్తే పళ్ళు పట్టు తప్పి కటకటమన్నాయి, చెయ్యి లేవలేదు.

"బెల్టు నాన్న కొలిచి తెచ్చారు, దాంట్లో తేడా రాదు" అంది కూతురు. "ఫ్రేమే వంగి, పుల్లీలు దగ్గరకొచ్చుంటాయి."

"అమ్మాయ్, అసలు ఆ బెల్టు..." అన్నారు మాస్టారు.

"నువ్వు కూర్చో నాన్నా. నువ్వు చేయాల్సింది చేశావు."

నిజమే, చేయాల్సిందంతా చేశారు. మాస్టారు ముందు వరుసలో కూర్చున్నారు. ఇప్పుడు నోరు విప్పితే ఆ నమ్మకం కాస్తా మళ్ళీ మూడేళ్ళు వెనక్కి పోతుంది. తలుచుకుంటేనే ఆయనకు ఏడుపొచ్చింది.

జట్టులో రెండో మనిషి ఓ కళ్ళజోడు పిల్ల. రోబోకు ప్రోగ్రాము రాసింది ఆమే. స్కేలు పెట్టి చూసి ఫ్రేము నిటారుగానే ఉందంది. ఆ మాట ఎవరు వింటారు? కూతురు సుత్తితో నాలుగు దెబ్బలు వేసింది. ఫ్రేము చెక్కుచెదరలేదు గానీ ఓ స్క్రూ విరిగింది. కళ్ళజోడు పిల్ల ఇంకో స్క్రూ కోసం పరుగెత్తింది. ఈలోగా కూతురికి ఉపాయం తట్టింది. మోటారుకున్న పద్దెనిమిది పళ్ళ పుల్లీ తీసేసి, ఇరవై ఎనిమిది పళ్ళది బిగించింది. వదులంతా పోయి బెల్టు చక్కగా బిగిసింది. మాస్టారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. గండం గడిచిందనుకున్నారు పాపం.

మొదటి రౌండు గంట మోగింది. రోబో పెట్టెను అందుకుంది, పైకెత్తింది, అర దగ్గర ఆగకుండా నెత్తిమీదుగా వెనక్కి గిరాటేసింది. పెట్టె గాల్లో తేలివచ్చి సరిగ్గా మాస్టారి ఒళ్ళో పడింది. రెండోదీ అంతే. మూడోది ఆయన పట్టుకున్నారు.

స్కోరు సున్నా. రెండు రౌండ్లలో మెరుగైన స్కోరే లెక్క; రెండో రౌండుకు పావుగంట ఉంది.

"నీ ప్రోగ్రామే!" కూతురు కళ్ళజోడు పిల్ల మీద విరుచుకుపడింది. "ఎక్కడ ఆగాలో కూడా సరిగ్గా రాయలేదా?"

"నిన్న బాగానే ఆగింది కదే..." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ మెడలోని పోటీ కార్డు తీసేయబోయింది.

మాస్టారు ఇక ఆగలేకపోయారు. మూడు పెట్టెలూ పక్కన పెట్టి లేచారు.

"ఆ పిల్లననకు తల్లీ. తప్పు నాది. బెల్టు ఓ సైజు పెద్దది తెచ్చాను. వదులుండాలని."

"వదులా? బెల్టుకా?" కూతురు నోరు తెరిచింది. "మరి పొద్దుట్నించీ చెప్పవేం?"

"ఇన్నాళ్ళకి నా కొలత నమ్మావు. చెబితే అదీ పోతుందని భయమేసింది."

కూతురు తండ్రి మెడలోని టేపు వంక చూసింది. కళ్ళజోడు పిల్ల మాత్రం పుల్లీ వైపు వంగి చూసి కెవ్వుమంది. "ఇదెప్పుడు మార్చావే? నాతో చెప్పలేదే! ప్రోగ్రాములో పాత పుల్లీ లెక్కే ఉంది. మోటారు అన్నే చుట్లు తిరుగుతుంది గానీ చెయ్యి ఒకటిన్నర రెట్లు తిరిగిపోతోంది!"

ఈసారి నాలుక కరుచుకోవడం కూతురి వంతయింది. "సారీ అక్కా" అంది ఆ పిల్లతో. ఇద్దరిదీ ఒకే వయసు. తప్పు పెద్దది కాబట్టి అక్క అంది.

ప్రోగ్రాములో ఒక్క అంకె మార్చారు. రెండో రౌండులో చెయ్యి అర దగ్గర బుద్ధిగా ఆగింది. పైగా పెద్ద పుల్లీ వల్ల ఎవరూ ఊహించని వేగం. పెట్టెలు తేలికవి కాబట్టి మోటారుకూ భారం కాలేదు. మిగతా జట్లు ఎనిమిదేసి పెట్టెలు పెట్టిన సమయంలో వీళ్ళ రోబో పన్నెండు పెట్టింది. మొదటి బహుమతి వీళ్ళదే!

న్యాయనిర్ణేత రోబో చుట్టూ రెండుసార్లు తిరిగారు. "అందరూ భయపడి చిన్న పుల్లీ వేశారు. మీరు ఈ పుల్లీకి ఇంత సరిగ్గా కుదిరే బెల్టు సైజు ఎలా ఎంచుకున్నారమ్మా?"

కూతురు తండ్రి వైపు చూసింది. మాస్టారు తల దించుకున్నారు.

"మా నాన్నగారు కొలిచారండీ" అంది కూతురు, హాలంతా వినబడేలా.

మాస్టారి కళ్ళు చెమర్చాయి. న్యాయనిర్ణేత మెచ్చుకోలుగా తలపంకించి, తన కాగితంలో "శాస్త్రీయ పద్ధతి" అని రాసుకున్నారు.